క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారికి ఏం పెట్టాలి? నల్గొండ, పాలమూరు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రికో, నిమ్స్‌కో, మరో ఆస్పత్రికో వెళ్లి వచ్చిన కుటుంబాలు మందుల చీటీ చూపించిన వెంటనే అడిగే మాట ఒక్కటే: ‘పథ్యం ఏమిటి?’ మన దగ్గర పథ్యమంటే కారం మానేయడం, గుడ్డు మానేయడం, పప్పు మానేయడం, చివరికి జావ మీద బతకడం. క్యాన్సర్ చికిత్సలో ఆ పద్ధతి మనిషికి చేటు చేస్తుంది. ఈ జవాబులన్నింటి వెనక ఉన్న మాట ఇదే: చికిత్స పూర్తయ్యేదాకా బరువు తగ్గనివ్వకండి. మూత్రపిండాలు, కాలేయం దెబ్బతిన్నవారికి, పేగుకు అడ్డంకి ఉన్నవారికి మాత్రం లెక్క వేరుగా ఉంటుంది. వారికి డాక్టరు రాసిచ్చినదే పాటించాలి.

## చికిత్స మొదలయ్యే ముందు

జబ్బు ఇప్పుడే బయటపడింది, మందులు ఇంకా మొదలుపెట్టలేదు. తిండి గురించి ఇప్పటినుంచే ఆలోచించాలా?

తప్పకుండా. పరీక్షల కోసం తిరిగే రోజుల్లోనే చాలామంది చిక్కిపోతారు. దిగులుతో ఆకలి చస్తుంది, ప్రయాణాల్లో పూటలు తప్పుతాయి, జబ్బు తన వంతుగా కండను కరిగిస్తుంది. ఆరు నెలల్లో బరువు 5 శాతం, అంతకు మించి తగ్గితే దాన్ని పట్టించుకోవాలి. అంటే 60 కిలోల మనిషి 57 కిలోలకు దిగితే డాక్టరుకు చెప్పాల్సిందే. కండ కరిగినవారికి కీమో (క్యాన్సర్ కణాలను చంపే మందుల చికిత్స) దుష్ఫలితాలు ఎక్కువ, కోర్సులు వాయిదా పడతాయి, ఆపరేషన్ గాయం ఆలస్యంగా మానుతుంది.

వారానికి ఒకసారి, అదే కాటా మీద, ఉదయం పూట బరువు చూసి నోటు పుస్తకంలో రాయండి. ఇంట్లో కాటా లేకపోతే దగ్గరలోని ఆరోగ్య ఉపకేంద్రంలో చూడొచ్చు. గాజులు మోచేతి దాకా జారడం, జాకెట్టు వదులు కావడం కూడా గుర్తులే. కాళ్లు వాచినా, పొట్టలో నీరు చేరినా కాటా మీద బరువు నిలకడగానే కనిపిస్తుంది. అలాంటప్పుడు భుజాలు, తొడలు చూడండి, కండ తగ్గిన సంగతి అక్కడ తెలిసిపోతుంది.

రోజుకు ఎంత తినాలి? అంచనాగా కాకుండా లెక్క చెప్పండి.

కిలో బరువుకు రోజుకు 25 నుంచి 30 కేలరీలు, 1 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు అవసరం. 50 కిలోల మనిషికి సుమారు 1,250 నుంచి 1,500 కేలరీలు, 50 నుంచి 75 గ్రాముల మాంసకృత్తులు అన్నమాట.

మాంసకృత్తుల లెక్క మన వంటింటి వస్తువుల్లో ఇలా కుదురుతుంది. ఉదయం ఒక పెద్ద గ్లాసు పాలతో కాచిన రాగిజావలో 10 గ్రాములు, రెండు ఉడికించిన గుడ్లలో 12 గ్రాములు వస్తాయి. మధ్యాహ్నం అన్నంలో 5, గట్టిపప్పులో 9, పెద్ద గిన్నెడు పెరుగులో 5. సాయంత్రం గుప్పెడు పల్లీలు లేదా ఒక పల్లీపట్టీతో 7. రాత్రి రెండు చిన్న జొన్నరొట్టెలు, పప్పుకూరతో మరో 13. పడుకునే ముందు గ్లాసుడు పాలు, ఇంకో 6. మొత్తం 67 గ్రాములు. మాంసం తినేవారు ఒక పూట పప్పుకు బదులు చికెనో చేపో తింటే లెక్క ఇంకా తేలికవుతుంది.

నీళ్లపప్పు, చారు, పలుచని మజ్జిగ ఈ లెక్కలోకి రావు. వాటితో కడుపు నిండుతుంది గానీ ఒంటికి చేరేది చాలా తక్కువ.

చక్కెర తింటే క్యాన్సర్ పెరుగుతుందట కదా? అన్నం కూడా మాన్పించమంటున్నారు.

క్యాన్సర్ కణాలు గ్లూకోజు వాడుకుంటాయన్నది నిజం. గుండె, మెదడు, ఒంట్లోని ప్రతి కణమూ దాన్నే వాడుకుంటుంది. తిండిలో చక్కెర మానేసినా శరీరం తన కండను కరిగించి గ్లూకోజు తయారు చేసుకుంటుంది. చక్కెర మానితే గడ్డ ఎండిపోతుందని ఏ పరిశోధనలోనూ తేలలేదు. తిండి సహించని మనిషికి బెల్లం వేసిన జావ, పాయసం బాగా పనికొస్తాయి.

మధుమేహం ఉన్నవారి సంగతి వేరు. కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ మందులు షుగర్‌ను బాగా పెంచుతాయి. ఆ రోజుల్లో షుగర్ చూసుకుంటూ, అవసరమైతే మందు మోతాదు మార్పించుకోవాలి. అన్నం మొత్తం మాన్పించి మనిషిని నీరసపెట్టకండి.

రక్త పరీక్ష ఉందంటే పరగడుపున తీసుకొస్తున్నాం. సరైనదేనా?

కీమోకు ముందు చేసే రక్తకణాల లెక్కకు, మూత్రపిండాల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్షకు పరగడుపు అవసరం లేదు. దేవరకొండలోనో అచ్చంపేటలోనో తెల్లవారుజామున బస్సెక్కి, వరుసలో నిలబడి, మధ్యాహ్నం రెండింటికి మొదటి ముద్ద తినేవారు ఎందరో. వారంవారం ఇలా జరిగితే ఎన్ని పూటలు పోతాయో ఆలోచించండి. పరగడుపు షుగర్ పరీక్ష, పెట్ స్కాన్, కొన్ని సీటీ, అల్ట్రాసౌండ్ స్కాన్‌లకు మాత్రం ఖాళీ కడుపు కావాలి. పరీక్ష రాసిచ్చినప్పుడే ‘తిని రావచ్చా?’ అని అడిగి చీటీ మీద రాయించుకోండి.

## కీమో నడుస్తున్నప్పుడు

కీమో ఎక్కించే రోజు ఏం తినాలి? డబ్బాలో ఏం పెట్టుకోవాలి?

ఖాళీ కడుపుతో వెళ్తే వికారం ఎక్కువవుతుంది. బయలుదేరే ముందు రెండు ఇడ్లీలో, ఉప్మానో, పెరుగన్నమో తేలికగా తినాలి. డబ్బాలోకి పొడిగా ఉండేవి మంచివి: జొన్నరొట్టె ముక్కలు, పల్లీపొడి కలిపిన అన్నం, అరటిపండు, మరమరాలు, పల్లీపట్టీ. ఉడికించిన గుడ్లు తెస్తే పెంకు తీయకుండా తెచ్చి, రెండు గంటల లోపే తినేయండి. కాచి చల్లార్చిన నీళ్ల సీసా మరవకండి. ఆ రోజు నీళ్లు ఎక్కువ తాగాలి, డాక్టరు నీరు తగ్గించమన్నవారు తప్ప.

రోగికి బాగా ఇష్టమైన వంటకాన్ని ఆ రోజు పెట్టకండి. వాంతులైతే ఆ వంటకం మీదే నెలల తరబడి అసహ్యం పుట్టవచ్చు.

వంటింట్లో పోపు వేస్తే చాలు, అమ్మకు వాంతి వస్తోంది. ఎలా తినిపించాలి?

వాంతి మాత్రను తిండికి అరగంట, ముప్పావు గంట ముందు వేయండి. వాంతి వచ్చాక వేసుకుంటే సగం ప్రయోజనం పోయినట్టే. వేడివేడి కూరల్లో వాసన ఎక్కువ, ఆరిన తిండిలో తక్కువ. అందుకే గోరువెచ్చగా లేదా చల్లారిన తర్వాత పెట్టండి. పోపు వేసే సమయంలో ఆమెను వాకిట్లో కూర్చోబెట్టండి. నూనె కాగే వాసన పడనివారికి ఇడ్లీ, పెరుగన్నం, మరమరాలు, వేయించిన శనగలు సహిస్తాయి.

పళ్లెం నిండా వడ్డిస్తే చూడగానే కడుపు తిప్పుతుంది. చిన్న గిన్నెలో నాలుగు ముద్దలు, రెండు గంటలకు ఒకసారి పెట్టండి. తింటూ నీళ్లు తాగితే కడుపు ఉబ్బుతుంది, నీళ్లను తిండికీ తిండికీ మధ్యకు మార్చండి. ఉదయం లేవగానే ఆకలి కాస్త బాగుంటే బలమైన తిండి అప్పుడే పెట్టండి. రాత్రి భోజనమే పెద్ద భోజనం కావాలన్న నియమం ఏమీ లేదు. ఒక రోజంతా నీళ్లు కూడా నిలవకపోతే ఆస్పత్రికి వెళ్లాలి.

ఏది తిన్నా ఇనుము నాకినట్టు ఉందంటున్నారు మా నాన్న.

కీమో మందులు నాలుక మీది రుచి కణాలను దెబ్బతీస్తాయి. కోర్సులు ముగిశాక కొన్ని వారాలు, నెలల్లో రుచి తిరిగి వస్తుంది. అంతదాకా స్టీలు చెంచా బదులు చెక్క లేదా ప్లాస్టిక్ చెంచా వాడండి. మాంసం చేదనిపిస్తే గుడ్డు, పెరుగు, పప్పు, పనీర్ వైపు మళ్లండి. నోట్లో పుండ్లు లేకపోతే పులుపు చాలా సాయపడుతుంది. నిమ్మకాయ పిండిన పప్పు, చింతకాయ తొక్కు, పచ్చిపులుసు పెట్టవచ్చు. పచ్చిపులుసులో నీళ్లు కాగవు కాబట్టి కాచి చల్లార్చిన నీటితోనే కలపండి. తినబోయే ముందు నోరు పుక్కిలిస్తే మొదటి ముద్ద బాగుంటుంది.

తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తగ్గాయన్నారు. ఏం తింటే పెరుగుతాయి?

తెల్లకణాలను పెంచే తిండి అంటూ ఏదీ లేదు. అవసరమైతే డాక్టర్లు తెల్లకణాలను పెంచే ఇంజెక్షన్ ఇస్తారు, లేదా ఎముక మజ్జ తనంతట కోలుకునే దాకా ఆగుతారు. బొప్పాయి ఆకు రసం మీద జరిగిన పరిశోధనలు ప్రధానంగా డెంగీకి సంబంధించినవి. కీమోలో ప్లేట్‌లెట్లు తగ్గడానికి కారణం వేరు, ఆకు రసంతో వాంతులు మాత్రం పెరగవచ్చు.

రక్తం తక్కువైందని దానిమ్మ, బీట్‌రూట్ కొనడానికే డబ్బంతా పోస్తారు. ఎర్రగా ఉన్నంత మాత్రాన వాటిలో ఇనుము ఎక్కువేమీ ఉండదు. మేక కార్జం, మాంసం, గుడ్డు, ఆకుకూరలు, పప్పులు నయం. కార్జం బాగా ఉడకాలి. భోజనంతో పాటు చాయ్ తాగితే ఇనుము సరిగా ఒంటబట్టదు, గంట ఆగి తాగండి. కీమో వల్ల వచ్చే రక్తహీనత ఇనుము లోపం వల్లే రావాలని లేదు కాబట్టి మాత్రలు సొంతంగా కొనకండి.

పచ్చి కూరగాయలు, పండ్లు పూర్తిగా మానేయాలా? బయట తినొచ్చా?

చాలా కీమో మందులకు, ఎక్కించిన తర్వాత ఏడో రోజుకూ పద్నాలుగో రోజుకూ మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో చిన్న కలుషితం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. అలాగని పండ్లన్నీ మాన్పించనక్కర్లేదు. బాగా కడిగి తొక్క తీసి తినే పండ్లు మంచివే: అరటి, బత్తాయి, బొప్పాయి, ఇంటి దగ్గర కోసిన మామిడి. పాలమూరు సీతాఫలం కాలంలో అది తప్పకుండా పెట్టండి. మెత్తగా ఉంటుంది, తియ్యగా ఉంటుంది, వంద గ్రాముల గుజ్జులో సుమారు వంద కేలరీలు దొరుకుతాయి.

బండి మీద కోసి పెట్టిన పండ్లు, చెరుకు రసం, పానీపూరీ, చట్నీలు, పచ్చి పాలు, సగం ఉడికిన గుడ్డు, నిల్వ మాంసం వద్దు. బూజు వాసన వచ్చే పల్లీలను ఏరి వాడుకోవడం కూడా వద్దు, పారేయండి. ఆ బూజులోని విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా పోదు. పెరుగు కాచిన పాలతో ఇంట్లో తోడుపెట్టినది, ఆ రోజుదే వాడండి. కణాలు మరీ పడిపోయినప్పుడు పెరుగు గురించి డాక్టరును అడగండి.

జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ తాకితే తిండి సంగతి పక్కనబెట్టి, అర్ధరాత్రయినా ఆస్పత్రికి బయలుదేరండి. తెల్లారే దాకా ఆగవద్దు.

ఒక గ్లాసు కల్లు తాగితే ఒంటికి చలువ అంటున్నారు. నీరా అయినా ఇవ్వొచ్చా?

చికిత్సలో ఉన్నంత కాలం రెండూ వద్దు. కల్లులో బతికున్న ఈస్టు, కాచని నీళ్లు, ఈగలు మోసుకొచ్చిన క్రిములు ఉంటాయి. నీరా పులవకపోయినా కాచినది కాదు. అంతకంటే పెద్ద ప్రమాదం కల్తీ కల్లు. మన జిల్లాల్లో అందులో అల్ప్రాజోలం, డైజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కేసులు ఎన్నోసార్లు బయటపడ్డాయి. నొప్పికి మార్ఫిన్ వాడే మనిషి ఆ కల్లు తాగితే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. ఏళ్లుగా రోజూ తాగే అలవాటున్నవారు ఆ మాట డాక్టరు దగ్గర దాచకండి. ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛ రావచ్చు, దానికి ముందే మందు ఇస్తారు.

విరేచనాలు పట్టుకున్నాయి. తిండి ఆపేయాలా?

ఆపవద్దు. లీటరు నీటిలో ఒక ఓఆర్ఎస్ పొట్లం కలిపి, గుటక గుటకగా రోజంతా తాగించండి. మెత్తటి అన్నం, ఉప్పు వేసిన గంజి, అరటిపండు, పెరుగు, మజ్జిగ, పెసరపప్పు కట్టు పనికొస్తాయి. పాలు, కారం, నూనె వంటలు, ఆకుకూరలు, చాయ్ కొన్నాళ్లు తగ్గించండి. రోజుకు నాలుగైదు సార్లకు మించి వెళ్లినా, రక్తం పడినా, మూత్రం తగ్గినా వెంటనే ఆస్పత్రికి చెప్పాలి. కొన్ని కీమో మందులతో విరేచనాలు ఒక్క రోజులోనే మనిషిని కుంగదీస్తాయి.

మాకేమో నాలుగు రోజులైనా విరేచనం కావడం లేదు.

వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్, నొప్పికి ఇచ్చే మార్ఫిన్, ట్రమడాల్ రెండు రకాలూ పేగులను మందగింపజేస్తాయి. నీళ్లు, బొప్పాయి, ఆకుకూర పప్పు, జొన్నరొట్టె, కాస్త నడక మేలు చేస్తాయి. అయితే మార్ఫిన్ వాడేవారికి తిండి ఒక్కటే చాలదు, విరేచనం మందు రోజూ ఉండాలి. పొట్ట ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకపోతే పేగు మూసుకుపోయిందేమో చూడాలి. ఇసబ్‌గోల్ పొట్టు పెట్టి ఎదురుచూడకండి.

చల్లని నీళ్లు తాగితే గొంతు పట్టేసినట్టు అవుతోంది. ఎందుకు?

పెద్దపేగు, కడుపు క్యాన్సర్లకు వాడే ఆక్సాలిప్లాటిన్ మందు నరాలకు చలిని భరించే శక్తి తగ్గిస్తుంది. అది ఎక్కించుకున్నాక కొన్ని రోజులు గోరువెచ్చని నీళ్లు, తిండి మాత్రమే తీసుకోండి. ఫ్రిజ్‌లో వస్తువులు వేరేవాళ్లు తీసివ్వాలి.

క్యాన్సర్ మాత్రలు తిండికి ముందా, తర్వాతా?

మందును బట్టి మారుతుంది. కేపసిటబిన్ తిన్న అరగంటలోపు, ఇమాటినిబ్ తిండితో పాటు పెద్ద గ్లాసు నీళ్లతో, అబిరాటెరోన్ సాధారణంగా ఖాళీ కడుపుతో వేసుకోవాలి. పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ కొన్ని మాత్రల శక్తిని ప్రమాదకరంగా పెంచుతాయి కాబట్టి వాటిని మానండి. చీటీ మీద ‘ముందు’, ‘తర్వాత’ అని తెలుగులో రాయించుకోవడం మంచిది.

## రేడియేషన్, అంటే కరెంటు పెట్టేటప్పుడు

నోటికి కరెంటు పెడుతున్నారు. పుండ్ల వల్ల నీళ్లు కూడా మింగలేకపోతున్నారు.

నోరు, గొంతు క్యాన్సర్లకు వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు రేడియేషన్ ఇస్తారు. పుండ్లు సాధారణంగా రెండో మూడో వారంలో మొదలవుతాయి, చికిత్స ముగిశాక కూడా కొన్ని వారాలు ఉంటాయి. గ్లాసుడు గోరువెచ్చని నీటిలో పావు టీస్పూను వంటసోడా, చిటికెడు ఉప్పు కలిపి రెండు మూడు గంటలకు ఒకసారి పుక్కిలించాలి. నొప్పి తగ్గించే మందును తిండికి పావుగంట, అరగంట ముందు వాడితే నాలుగు ముద్దలు దిగుతాయి.

కారం, పులుపు, పచ్చళ్లు, కరకరలాడేవి, బత్తాయి, నిమ్మ రసాలు మానాలి. మెత్తగా ఉడికించి నెయ్యి కలిపిన పప్పన్నం, పాలల్లో నానిన ఇడ్లీ, కస్టర్డ్, రాగిజావ, మెత్తగా మెదిపిన చికెన్ సూపు, అరటిపండు కలిపిన పాలు ఇవ్వండి. జావలోకి చెంచా నెయ్యి, పాలపొడి, మెత్తని పల్లీపొడి కలపండి. చెంచా నెయ్యితోనే 45 కేలరీలు పెరుగుతాయి. మూడు పూటలా రెండేసి చెంచాలు వేస్తే రోజుకు 270. నోరు ఎండిపోతుంటే చారో మజ్జిగో కలిపి ముద్దను జారుగా చేయండి.

తాగినప్పుడల్లా దగ్గు వస్తుంటే తిండి ఊపిరితిత్తుల్లోకి పోతోందని అనుమానించాలి. నోటితో పెట్టడం ఆపి డాక్టరుకు చూపించండి.

హైదరాబాద్‌లో గది తీసుకుని ఉంటున్నాం. రోజూ ఏం వండుకోవాలి, ఎక్కడ తినాలి?

గదిలో ఒక కరెంటు కుక్కర్, ఒక గిన్నె ఉంటే బియ్యం, పెసరపప్పు కలిపి కిచిడీ, గుడ్లు, జావ అన్నీ అవుతాయి. ఇంటి నుంచి వారానికి సరిపడా పల్లీపొడి, నువ్వులపొడి, వేయించిన రాగిపిండి, బెల్లం తెచ్చుకోండి. సద్దుల బతుకమ్మకు చేసే మలీద, సత్తుపిండి కూడా మంచి బలమే, మింగగలిగినవారు రోజుకు ఒకటి రెండు ముద్దలు తినవచ్చు.

వెంట ఉన్నవారికి నగరపాలక సంస్థ 5 రూపాయల భోజన కేంద్రాలు ఆసరా. రోగి అక్కడే తినాల్సి వస్తే వేడిగా వడ్డించినదే తిని, పైన పెరుగు ప్యాకెట్టు, గుడ్డు చేర్చండి. రోగితో పాటు మీరూ తినండి. తోడుగా వచ్చిన మనిషి కళ్లు తిరిగి పడిపోతే ఇద్దరి చికిత్సా ఆగుతుంది.

మా అత్తమ్మకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. కింద కరెంటు పెట్టాక పొట్ట కదలిపోతోంది.

రేడియేషన్ పేగుల మీద కూడా పడుతుంది, రెండో వారం తర్వాత విరేచనాలు, కడుపునొప్పి మామూలే. పొట్టు లేని పప్పులు, మెత్తటి అన్నం, పెరుగు, గుడ్డు, చేప పెట్టండి. జొన్నరొట్టె, శనగలు, ఆకుకూరలు, పాలు తాత్కాలికంగా పక్కన పెట్టండి. విరేచనాల భయంతో నీళ్లు మానేసే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. బస్సులో, ఆస్పత్రిలో మరుగుదొడ్డి దొరకదన్న జంకు దానికి కారణం. ఈ మాట మొహమాటపడకుండా నర్సుకు చెప్పండి, విరేచనాలు తగ్గే మాత్ర రాస్తారు.

## ఆపరేషన్, ఆహారపు పైపు

పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని పెద్దవాళ్లు వద్దంటున్నారు.

గాయం మానడానికి కొత్త కండ పుట్టాలి. దానికి ముడిసరుకు మాంసకృత్తులే. పప్పు, గుడ్డు, మాంసం, చేప, పాలు ఆపితే కుట్లు ఆలస్యంగా మానుతాయి, ఆలస్యమైన కొద్దీ చీము పట్టే అవకాశం పెరుగుతుంది. చీముకు కారణం క్రిములు. వంకాయకు, గోంగూరకు, గుడ్డుకు దానితో సంబంధం లేదు. పెద్దవాళ్లతో వాదనకు దిగే బదులు ఒకసారి వారిని కూడా ఆస్పత్రికి తీసుకెళ్లి డాక్టరు నోటితోనే ఆ మాట చెప్పించండి. ఇళ్లల్లో చాలా గొడవలు అలా తీరిపోయాయి.

ముక్కులో పైపు వేశారు. అందులో ఏం పోయాలి, ఎలా పోయాలి?

పైపు వేయడమంటే ఆశ వదులుకున్నట్టు అనుకుంటారు. పుండ్లు మానేదాకా బరువు నిలబెట్టే సాధనం అది, ఎంత తొందరగా ఒప్పుకుంటే అంత మంచిది.

ఒకసారికి సరిపోయే మిశ్రమం: 200 మిల్లీలీటర్ల పాలు, రెండు చెంచాల రాగిపిండి లేదా బియ్యప్పిండి, రెండు చెంచాల చక్కెర, ఒక చెంచా నూనె. జావలా కాచి, మిక్సీలో తిప్పి, పలుచని గుడ్డలో వడగట్టాలి. వడగట్టకపోతే పైపు పూడుకుపోతుంది. దీనితో సుమారు 250 కేలరీలు అందుతాయి. రెండు మూడు గంటలకు ఒకసారి, రోజుకు ఆరేడు సార్లు పోస్తే సరిపోతుంది. కొన్నిసార్లు పాలకు బదులు పెసరపప్పు, అన్నం, క్యారెట్ మెత్తగా ఉడికించి వడగట్టి పోయండి. మధుమేహం ఉంటే చక్కెర తీసేసి నూనె పెంచాలి.

పోసేముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. ముక్కు దగ్గర పైపు మీది గుర్తు జరగలేదని చూడండి. రోగిని వీపు కింద దిండ్లు పెట్టి కూర్చోబెట్టండి, పోశాక కనీసం అరగంట అలాగే ఉంచండి. సిరంజిని ఎత్తి పట్టుకుంటే దానంతట అదే దిగుతుంది, గట్టిగా తోయకండి. ముందూ వెనకా 30 నుంచి 50 మిల్లీలీటర్ల కాచి చల్లార్చిన నీళ్లు పోయాలి. దగ్గు, ఆయాసం వస్తే తక్షణం ఆపండి. గుర్తు జరిగితే మీరే లోపలికి నెట్టకుండా ఆస్పత్రికి వెళ్లండి. మిగిలిన మిశ్రమం రెండు గంటలు దాటితే పారేయాలి.

చాలా రోజులుగా ఏమీ తినని మనిషికి మొదటి రోజే పూర్తి మోతాదు పోయకూడదు. ఒంట్లోని లవణాలు తారుమారై గుండెకు ప్రమాదం వస్తుంది. అలాంటివారికి ఆస్పత్రిలోనే కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి.

ఆపరేషన్‌లో కడుపు (జీర్ణాశయం) తీసేశారు. తినగానే చెమటలు, దడ, విరేచనం.

తిండి ఒక్కసారిగా పేగులోకి జారడం వల్ల అలా అవుతుంది. రోజుకు ఆరు చిన్న భోజనాలు, నమిలి నమిలి తినాలి. తిండితో నీళ్లు వద్దు, అరగంట తేడా ఉండాలి. తీపి తగ్గించి గుడ్డు, పప్పు, పెరుగు పెంచండి. కడుపు మొత్తం తీసేసినవారికి విటమిన్ బి12 జీవితాంతం బయటి నుంచి ఇవ్వాలి, అది తిండితో భర్తీ కాదు.

## ఇంట్లో, ఊళ్లో వినిపించే మాటలు

మెడికల్ షాపులో వెయ్యి రూపాయల పొడి డబ్బా కొనమన్నారు. తప్పనిసరా?

అందరికీ అవసరం లేదు. పాలు, గుడ్లు, పప్పు, పల్లీలు తినగలిగినవారికి వాటితోనే సరిపోతుంది. పొడి డబ్బాలు ఎక్కువ తినలేనివారికి, పైపు ఉన్నవారికి సౌకర్యం. కొంటే డబ్బా వెనక వంద గ్రాములకు మాంసకృత్తులు ఎంతో చదవండి, కొన్నింటిలో చక్కెరే ఎక్కువ. తాకట్టు పెట్టి మరీ కొనకండి. రేషన్ సన్నబియ్యం మనిషికి నెలకు ఆరు కిలోలు ఎలాగూ వస్తున్నాయి, మిగిలిన డబ్బు గుడ్లకు, పాలకు, కందిపప్పుకు ఖర్చు పెట్టడం తెలివైన పని.

లక్ష్మణఫలం, తిప్పతీగ, ఆకు పసరు పని చేస్తాయంటున్నారు. కీమోతో పాటు ఇవ్వొచ్చా?

ఇవ్వకండి. లక్ష్మణఫలం ప్రయోగశాలలో కణాల మీద చూపిన ప్రభావాన్ని మనుషుల్లో క్యాన్సర్ నయమైనట్టుగా ప్రచారం చేస్తున్నారు. అందులోని ఒక పదార్థం నరాలకు హాని చేయగలదు. తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న రోగుల వివరాలను మన దేశంలోని వైద్యులే ప్రచురించారు. చాలా కీమో మందులు కాలేయం ద్వారానే బయటికి పోతాయి. అది చెడితే కోర్సు ఆగిపోతుంది. కూరలో పసుపు, అల్లం, వెల్లుల్లి ఎప్పటిలా వాడుకోవచ్చు, గుళికల రూపంలో మాత్రం వద్దు. ఇప్పటికే ఏదైనా తాగించి ఉంటే డాక్టరుకు చెప్పండి, తిడతారని దాచకండి.

కాళ్ల పాయ తాగిస్తే బలం వస్తుందా? బాయిలర్ కోడి మంచిది కాదంటున్నారు, నిజమా?

పాయ వేడిగా, ఉప్పగా గొంతులోకి దిగుతుంది కాబట్టి తాగించవచ్చు. కానీ ఆ రసంలో ఉన్నది ఎక్కువగా జెలటిన్, కండ కట్టడానికి కావాల్సినవన్నీ అందులో లేవు. రసంతో పాటు మాంసం ముక్క లోపలికి పోవాలి. బాయిలర్ కోడి, నాటుకోడి రెండింట్లోనూ మాంసకృత్తులు ఇంచుమించు సమానమే, నమలలేనివారికి బాయిలర్ మెత్తగా ఉంటుంది. ఏదైనా పూర్తిగా ఉడకాలి. బోటి శుభ్రం చేయడం కష్టం, చికిత్స ముగిసేదాకా ఆపండి.

మాది మర్రిగూడ వైపు. బోరు నీళ్లు కాచి తాగితే సరిపోతుందా?

కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరయ్యే కొద్దీ దాని గాఢత ఇంకా పెరుగుతుంది. తాగడానికి, వండడానికి, పైపులో పోయడానికి మిషన్ భగీరథ నీళ్లు పట్టుకుని, వాటిని కాచి చల్లార్చి మూత పెట్టి వాడండి. బిందెలో గ్లాసు ముంచకుండా గరిటెతో తీయండి.

కార్తీక సోమవారాలు, రంజాన్ ఉపవాసాలు ఉండొచ్చా?

చికిత్స మధ్యలో వద్దు. జబ్బుపడినవారికి ఉపవాసం నుంచి మినహాయింపు ఇస్లాంలో స్పష్టంగా ఉంది, హిందూ సంప్రదాయంలోనూ రోగికి నియమాలు సడలించడం మామూలే. మొక్కు ఉంటే ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవారు ఆ ఉపవాసం చేయవచ్చు.

## చికిత్స ముగిశాక

ఇక చేయగలిగింది లేదన్నారు. తినడం లేదు, మేం బలవంతంగా పెడుతున్నాం.

చివరి దశలో ఆకలి పోవడం జబ్బు వల్లే. మీరు పెట్టకపోవడం వల్ల ఆ మనిషి వెళ్లిపోతున్నారని అనుకోకండి. ఆ స్థితిలో శరీరం తిండిని వాడుకోలేదు. బలవంతంగా పెడితే వాంతి, దగ్గు, ఆయాసం మిగులుతాయి. అడిగితే ఇష్టమైనది రెండు చెంచాలు చాలు. పథ్యాలన్నీ ఎత్తేయండి, షుగర్ ఉన్నా లడ్డూ ముక్క పెట్టవచ్చు. పెదాలు తడుపుతూ, నోరు శుభ్రం చేస్తూ ఉండండి. సెలైన్ పెడితే తేరుకుంటారని ఊళ్లో ఒత్తిడి చేస్తారు, ఈ దశలో అది కాళ్ల వాపును, ఊపిరితిత్తుల్లో నీటిని పెంచవచ్చు. నొప్పి, ఆయాసం తగ్గించడానికి పాలియేటివ్ కేర్ విభాగాన్ని అడగండి. ఎం.ఎన్.జె. ఆస్పత్రిలో అది ఉంది.

చికిత్స పూర్తయింది, రిపోర్టులు బాగున్నాయి. ఇప్పుడేం తినాలి?

తగ్గిన బరువు తిరిగి వచ్చేదాకా గుడ్డు, పప్పు, పాలు అదే మోతాదులో కొనసాగించండి. దానితో పాటు రోజూ నడవాలి, కదలిక లేకపోతే తిన్నది కండగా మారదు. ఆ తర్వాత జొన్నలు, రాగులు, కూరగాయలు, పండ్లు పెంచి, నూనెలో వేయించినవి, చక్కెర తగ్గించండి. రొమ్ము క్యాన్సర్ తర్వాత బరువు మరీ పెరగకుండా చూసుకోవడం ముఖ్యం. నోటికి రేడియేషన్ తీసుకున్నవారు నోరు తెరిచే వ్యాయామాలు ఆపకూడదు, ఆపితే దవడ పట్టేసి మళ్లీ జావకే దిగాల్సి వస్తుంది. గుట్కా, జర్దా, ఖైనీ, బీడీ, మద్యం జోలికి వెళ్లవద్దు. ఆరు నెలల తర్వాత కూడా బరువు తగ్గుతూనే ఉంటే తదుపరి తేదీ దాకా ఆగకుండా ముందే చూపించుకోండి.